ఆమ్ల వర్షాలు: పర్యావరణం, మానవజీవనంపై ప్రభావాలు – నివారణ క్రమం

వ్యాససంగ్రహం

బొగ్గు, చమురు మండించినప్పుడు, లోహఖనిజాలను కరిగించినప్పుడు వెలువడే గంధక, నత్రజని వాయువులు గాలిలో ఆమ్లాలుగా మారి వానతో నేలకు చేరడమే ఆమ్ల వర్షం. చెరువులు, నేల, అడవులు, కట్టడాలు, ప్రజారోగ్యం మీద దాని ప్రభావాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆమ్ల వర్షాన్ని అరికట్టడానికి జరిగిన తొలి ప్రయత్నాలు సమస్యను తొలగించక, ఒకచోటి నుండి మరొకచోటికి తరలించాయి. ఈ చారిత్రక అనుభవం ఆధారంగా భారతదేశపు ప్రస్తుత స్థితిని పరిశీలించి, గాలిలోని ధూళిని తగ్గించే పని, గంధకాన్ని తగ్గించే పని కలిసి సాగవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆమ్ల వర్షం, గంధకం, పీహెచ్, ధూళి, సున్నపురాయి, థర్మల్ విద్యుత్ కేంద్రాలు, తాజ్‌మహల్, ఎర్రనేలలు.

1. ఉపోద్ఘాతం

వాన నీటిని స్వచ్ఛతకు ప్రమాణంగా భావించడం మనకు అలవాటు. అయితే మేఘం నుండి నేలకు చేరే లోపు వానచినుకు తాను దాటివచ్చిన గాలిని కడుగుతుంది. గాలిలో ఏముంటే అది చినుకులో చేరుతుంది. పారిశ్రామిక విప్లవం ఉధృతంగా ఉన్న ఇంగ్లండులో ఈ విషయాన్ని మొదట శాస్త్రీయంగా పరిశీలించినవాడు రాబర్ట్ యాంగస్ స్మిత్. ఆయన 1852లో మాంచెస్టర్ నగర పరిసరాల వాననీటిని పరీక్షించి, నగరాన్ని సమీపించేకొద్దీ ఆమ్లత్వం పెరగడాన్ని గమనించాడు. 1872లో ప్రచురించిన గ్రంథంలో ‘ఆమ్ల వర్షం’ అనే మాటను వాడాడు. ఆ తరువాత దాదాపు వందేళ్ల వరకు ఈ విషయం పెద్దగా చర్చకు రాలేదు.

1967లో స్వీడన్ నేలల శాస్త్రవేత్త స్వాంటే ఒడేన్ ఈ సమస్యను మళ్లీ ప్రజల ముందుకు తెచ్చాడు. స్కాండినేవియా చెరువుల్లో చేపలు తగ్గిపోవడానికి బ్రిటన్, మధ్య ఐరోపాల పొగ కారణమని ఆయన వాదించాడు. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సులో స్వీడన్ దీనిని అంతర్జాతీయ సమస్యగా ప్రతిపాదించింది. పొగ వదిలేవారు ఒకరు, దాని ఫలితం అనుభవించేవారు మరొకరు కావడం ఆమ్ల వర్షపు ప్రధాన లక్షణం. దాని ప్రభావాలను, నివారణను ఈ దృష్టితోనే పరిశీలించాలి.

2. ఆమ్ల వర్షం ఏర్పడే విధానం

ఒక ద్రవం ఆమ్లమా, క్షారమా అన్నది పీహెచ్ అనే కొలమానంతో తెలుస్తుంది. శుద్ధజలం పీహెచ్ 7. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కాలుష్యమేమీ లేని వాన కూడా కొద్దిపాటి ఆమ్లమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారడం వల్ల దాని పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. అంతకంటే తక్కువ పీహెచ్ గల వానను ఆమ్ల వర్షంగా పరిగణిస్తారు. ఈ కొలమానంలో ఒక్కొక్క అంకె తగ్గినప్పుడల్లా ఆమ్లత్వం పదిరెట్లు పెరుగుతుంది. కాబట్టి 4.6 పీహెచ్ గల వాన సహజమైన వానకంటే పదిరెట్లు, 3.6 పీహెచ్ గల వాన నూరురెట్లు ఎక్కువ ఆమ్లం కలిగి ఉంటుంది.

బొగ్గులోని గంధకం మండినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. అది గాలిలోను, మేఘబిందువులలోను ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. వాహనాలు, కొలుముల అధిక ఉష్ణోగ్రతలో గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడతాయి. ఇవి నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. ఈ మార్పులకు కొన్ని గంటల నుండి కొన్ని రోజుల వరకు పడుతుంది. ఈలోగా గాలి ఆ వాయువులను వందల కిలోమీటర్లు మోసుకుపోగలదు. ఆమ్లం వానతోనే రావాలన్న నియమం కూడా లేదు. మంచు, పొగమంచుతో పాటు పొడి రేణువుల రూపంలోనూ అది ఆకులపై, గోడలపై, నేలపై చేరుతుంది.

3. నీరు, నేల, అడవులపై ప్రభావం

ఒకే ఆమ్లత్వం గల వాన రెండు చెరువులలో కురిసినా ఫలితం ఒకేలా ఉండదు. సున్నపురాయి ఉన్న నేలలోని చెరువు ఆమ్లాన్ని తటస్థం చేసుకోగలదు. స్కాండినేవియా, కెనడా, ఈశాన్య అమెరికా ప్రాంతాలలో గ్రానైట్ శిలపై పలుచటి నేల మాత్రమే ఉంది. ఆమ్లాన్ని ఎదుర్కొనే సున్నం అక్కడ తక్కువ. అందుకే అక్కడి చెరువులు మొదట దెబ్బతిన్నాయి.

నీటి పీహెచ్ 6కు చేరువైనప్పుడే గుల్లలు గల నత్తల వంటి జీవులు కనుమరుగవుతాయి. 5కు తగ్గితే ఎక్కువ రకాల చేపల గుడ్లు పొదగబడవు. నేలలో బంధించబడి ఉన్న అల్యూమినియంను ఆమ్లం కరిగించి నీటిలోకి చేర్చడం ఇంకా ప్రమాదకరం. అల్యూమినియం చేపల మొప్పలపై చేరి, శ్వాసక్రియకు, శరీరంలోని లవణాల సమతుల్యతకు భంగం కలిగిస్తుంది. ఇలా జీవం కోల్పోయిన చెరువులో నీరు తరచుగా అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. చూసేవారికి అది స్వచ్ఛమైన నీరుగా తోస్తుంది.

నేలలో ఆమ్లం చేసే నష్టం నెమ్మదిగా, కనిపించకుండా సాగుతుంది. మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉన్న కాల్షియం, మెగ్నీషియం అయాన్లను ఆమ్లం తప్పించి నీటితో దిగువకు కొట్టుకుపోయేలా చేస్తుంది. మొక్కల వేళ్లకు అందవలసిన పోషకాలు తరిగి, వాటికి హాని చేసే అల్యూమినియం పెరుగుతుంది. ఇలా బలహీనపడిన చెట్టు మంచును, కరువును, చీడపీడలను తట్టుకోలేదు. నాటి చెకొస్లొవేకియా, తూర్పు జర్మనీ, పోలండ్ సరిహద్దులలోని పర్వతారణ్యాలు 1970, 1980 దశకాలలో విస్తారంగా ఎండిపోవడంలో గంధక కాలుష్యం పాత్ర పెద్దది.

ఈ నష్టం ఆహార శృంఖలంలో ఎంత దూరం పాకుతుందో నెదర్లాండ్స్ అడవులలో జరిగిన పరిశీలన ఒకటి తెలియజేసింది. అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పక్షి గుడ్ల పెంకులు పలుచబడి పగిలిపోసాగాయి. ఆ పక్షికి కాల్షియం నత్తగుల్లల నుండి లభించేది. నేలలో కాల్షియం తరిగిపోవడంతో నత్తలు తగ్గాయి. నత్తలు తగ్గడంతో గుడ్డు పెంకుకు కావలసిన సున్నం పక్షికి దొరకలేదు.

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో హబ్బర్డ్ బ్రూక్ అరణ్యంలో 1963 నుండి వాననీటిని క్రమం తప్పకుండా విశ్లేషిస్తున్నారు. అక్కడి వాన మొదట పీహెచ్ 4 ప్రాంతంలో ఉండేది. కాలుష్య నియంత్రణ చట్టాల తరువాత వాన చాలావరకు బాగుపడింది కాని, నేల అంత త్వరగా కోలుకోలేదు. 1999లో ఆ అరణ్యంలోని ఒక చిన్న పరీవాహక ప్రాంతంపై హెలికాప్టరుతో కాల్షియం సిలికేట్ ఖనిజాన్ని వెదజల్లగా, అక్కడి చెట్లు తిరిగి పుంజుకున్నాయి. దశాబ్దాలపాటు పోగొట్టుకున్న కాల్షియం శిల కరిగి తిరిగి సమకూరడానికి దశాబ్దాలు పడుతుందని ఈ ప్రయోగం స్పష్టం చేసింది.

4. కట్టడాలపై ప్రభావం

పాలరాయి, సున్నపురాయి రసాయనికంగా కాల్షియం కార్బొనేట్. సల్ఫ్యూరిక్ ఆమ్లం సోకినప్పుడు ఇది జిప్సంగా మారుతుంది. జిప్సం రాతికంటే మెత్తన, నీటిలో కొంతవరకు కరుగుతుంది. వాన తగిలే చోట అది కొట్టుకుపోయి శిల్పాల నగిషీలు అరిగిపోతాయి. వాన తగలని చోట మసిని పట్టుకొని నల్లని పెచ్చులుగా పేరుకుంటుంది.

భారతదేశంలో ఈ సమస్య తాజ్‌మహల్ వల్ల న్యాయస్థానానికి చేరింది. మధుర చమురుశుద్ధి కర్మాగారం, ఆగ్రా, ఫిరోజాబాద్ పరిశ్రమల పొగ తాజ్‌మహల్‌ను దెబ్బతీస్తున్నదని న్యాయవాది ఎం.సి. మెహతా 1984లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 1996 డిసెంబరు 30న కోర్టు తీర్పునిస్తూ, సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల తాజ్ రక్షిత ప్రాంతంలో బొగ్గు వాడుతున్న 292 పరిశ్రమలు సహజవాయువుకు మారాలని, లేదా అక్కడి నుండి తరలిపోవాలని ఆదేశించింది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఇటీవల తాజ్‌మహల్ రంగు మారడానికి ధూళి, కర్బన రేణువులు ముఖ్య కారణాలని పరిశోధకులు గుర్తించారు. ఆ మరకలను శుభ్రం చేయవచ్చు. ఆమ్లం తినివేసిన రాయి మాత్రం తిరిగి రాదు.

5. ప్రజలపై ప్రభావం

ఆమ్ల వర్షంలో తడిస్తే చర్మం కాలిపోతుందన్న భయం నిరాధారం. దాని ఆమ్లత్వం సాధారణంగా నిమ్మరసం ఆమ్లత్వంకంటే ఎన్నో రెట్లు తక్కువ. మనిషికి అసలు హాని వాన కురవక ముందే జరుగుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల నాళాలను సంకోచింపజేసి ఉబ్బసం ఉన్నవారిని బాధిస్తుంది. ఆ వాయువు గాలిలో మారి ఏర్పడే సల్ఫేట్, నైట్రేట్ రేణువులు అతి సూక్ష్మమైనవి. పీఎం 2.5 అని వ్యవహరించే రేణువులలో వీటి వాటా గణనీయం. అవి ఊపిరితిత్తుల లోతులకు చేరి గుండె, శ్వాసకోశ వ్యాధులకు దోహదం చేస్తాయి. 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని కమ్ముకున్న బొగ్గు పొగమంచు వల్ల సుమారు నాలుగు వేలమంది మరణించారని అప్పట్లో అంచనా వేశారు. తరువాతి పరిశీలనలు ఆ సంఖ్యను మరింత పెంచాయి.

పరోక్ష నష్టాలు కూడా ఉన్నాయి. ఆమ్ల జలాలు పాత గొట్టాల నుండి సీసం, రాగి వంటి లోహాలను కరిగించి తాగునీటిలో కలపగలవు. చెరువులలో చేపలు నశిస్తే వాటిపై ఆధారపడిన కుటుంబాల జీవనోపాధి పోతుంది. పొగ వల్ల లభించిన విద్యుత్తులోనో, లాభంలోనో వాటా లేనివారే తరచుగా ఈ నష్టాన్ని భరించవలసి వస్తుంది.

6. అసంపూర్ణ నివారణల చరిత్ర

ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో పట్టణాల పొగకు కనుగొన్న పరిష్కారం ఎత్తైన పొగగొట్టాలు. పొగ ఎంత ఎత్తున వదిలితే అంత పలుచబడుతుందని భావించారు. కెనడాలోని సడ్‌బరీలో నికెల్ కర్మాగారానికి నిర్మించిన 381 మీటర్ల పొగగొట్టం 1972లో పనిచేయడం ప్రారంభించింది. దీనితో సడ్‌బరీ పట్టణపు గాలి మెరుగుపడింది. గంధకం మాత్రం గాలిలోకి వెలువడుతూనే ఉంది. అది మరింత దూరపు చెరువులకు చేరింది.

రెండవ అసంపూర్ణ పరిష్కారం బూడిదను మాత్రమే పట్టే యంత్రాలు. స్థిరవిద్యుత్ సహాయంతో పొగలోని బూడిదను పట్టడం వల్ల పొగ నల్లదనం పోయింది. కాని ఆ బూడిదలోను, నేల ధూళిలోను కాల్షియం వంటి క్షార పదార్థాలు ఉంటాయి. అవి గాలిలోనే కొంత ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి. ఐరోపా, ఉత్తర అమెరికాలలో గాలిలోని క్షార రేణువులు బాగా తగ్గిపోవడం వల్ల, గంధకాన్ని తగ్గించినందుకు దక్కవలసిన ప్రయోజనంలో కొంత భాగం దక్కకుండా పోయిందని 1994లో ప్రచురితమైన ఒక పరిశోధన నిరూపించింది.

ఈ అనుభవాల తరువాతనే మూలంలో గంధకాన్ని తొలగించే మార్గం బలపడింది. దూరప్రాంతాలకు వ్యాపించే సరిహద్దులు దాటిన వాయుకాలుష్యంపై 1979లో జెనీవాలో ఒప్పందం కుదిరింది. 1985 హెల్సింకి ఒడంబడిక ప్రకారం సభ్యదేశాలు 1980 నాటి గంధక ఉద్గారాలలో కనీసం 30 శాతం 1993 నాటికి తగ్గించడానికి అంగీకరించాయి. అమెరికా 1990లో తన స్వచ్ఛమైన గాలి చట్టాన్ని సవరించి, విద్యుత్ కేంద్రాల మొత్తం ఉద్గారాలకు పరిమితి విధించింది. ఆ పరిమితికి లోబడి ఉద్గార అనుమతులను కొనుక్కోవడానికి, అమ్ముకోవడానికి అవకాశమిచ్చింది. నాటినుండి అక్కడి సల్ఫర్ డయాక్సైడ్ ఉద్గారాలు 90 శాతానికి పైగా తగ్గాయి.

7. భారతదేశ పరిస్థితి

భారతదేశంలో ఆమ్ల వర్షం చాలాకాలం పెద్ద సమస్యగా కనిపించలేదు. దానికి కారణం మన ధూళి. ఎండిన నేలల నుండి, ముఖ్యంగా వాయవ్య ప్రాంతాల నుండి లేచే ధూళిలో కాల్షియం కార్బొనేట్ సమృద్ధిగా ఉంటుంది. పశువుల నుండి, యూరియా వేసిన పొలాల నుండి వెలువడే అమ్మోనియా కూడా ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. అంటే మన వానకు చేరే ఆమ్లం తక్కువని కాదు, దానిని అణచే క్షారం ఎక్కువని అర్థం. పైగా అమ్మోనియా ఇచ్చే రక్షణ తాత్కాలికం. వానతో నేలకు చేరిన అమ్మోనియంను సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చేటప్పుడు నేలలో మళ్లీ ఆమ్లం విడుదలవుతుంది.

భారత వాతావరణ శాఖ వాననీటి రసాయన లక్షణాలను దీర్ఘకాలంగా పరిశీలిస్తున్న కేంద్రాలలో జోధ్‌పూర్, నాగపూర్, కొడైకెనాల్, మోహన్‌బారి వంటి వాటితో పాటు విశాఖపట్నం కూడా ఉంది. దశాబ్దాల కొలతలను పోల్చిచూస్తే, అనేక కేంద్రాలలో వాన పీహెచ్ తగ్గుతూ వచ్చింది. అలా తగ్గినవాటిలో విశాఖపట్నం ఒకటి. ఇదే కాలంలో గంధక ఉద్గారాలు పెరిగాయి. 2007 తరువాతి దశాబ్దంలో చైనా తన సల్ఫర్ డయాక్సైడ్ ఉద్గారాలను సుమారు 75 శాతం తగ్గించగా, భారత ఉద్గారాలు దాదాపు 50 శాతం పెరిగాయని ఉపగ్రహ సమాచారం ఆధారంగా 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది.

భారతీయ బొగ్గులో గంధకం తక్కువన్న వాదన ఉంది. అది నిజమే. సాధారణంగా అది అర శాతం చుట్టుపక్కల ఉంటుంది. కాని గంధకం మండినప్పుడు ఏర్పడే సల్ఫర్ డయాక్సైడ్ బరువు ఆ గంధకానికి రెట్టింపు. అర శాతం గంధకమున్న ఒక టన్ను బొగ్గులో ఐదు కిలోల గంధకం ఉంటుంది. దాని నుండి పది కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఈ లెక్కన కోటి టన్నుల బొగ్గుకు ఒక లక్ష టన్నుల వాయువు. 2024-25లో మన దేశపు బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. శాతం చిన్నదైనా పరిమాణం చిన్నది కాదు.

8. తెలుగు నేల – ప్రత్యేక పరిస్థితి

తెలుగు రాష్ట్రాలలో రామగుండం, కొత్తగూడెం, విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం, విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి, కృష్ణపట్నం వంటి చోట్ల పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. ఈ ప్రాంతపు నేలలు మాత్రం అన్నీ ఒక తీరువి కావు. నల్లరేగడి నేలల్లో సున్నం, బంకమన్ను ఎక్కువ. వాటికి ఆమ్లాన్ని ఎదుర్కొనే శక్తి హెచ్చు. గ్రానైట్, నైస్ శిలల నుండి ఏర్పడిన ఎర్రనేలలు, తేలికపాటి చల్క నేలలు అలాంటివి కావు. వాటిలో సున్నం, సేంద్రియ పదార్థం తక్కువ. అధిక వర్షపాతం గల తూర్పు కనుమల కొండనేలల నుండి కాల్షియం ఇప్పటికే చాలావరకు కొట్టుకుపోయింది. స్కాండినేవియాలో మొదట దెబ్బతిన్నవి కూడా ఇటువంటి సున్నం తక్కువైన నేలలే. అందువల్ల రాష్ట్రపు సగటు లెక్కలతో సరిపెట్టుకోకుండా, విద్యుత్ కేంద్రాలకు గాలివాలులో ఉన్న ఎర్రనేలలను, వాటిలోని చెరువులను విడిగా పరిశీలించాలి.

9. నివారణ క్రమం

గంధకాన్ని పొగగొట్టం దాటకముందే పట్టుకొనే విధానాన్ని ఫ్లూ గ్యాస్ డీసల్ఫరైజేషన్ అంటారు. క్లుప్తంగా ఎఫ్‌జీడీ. మెత్తగా నూరిన సున్నపురాయిని నీటితో కలిపి పొగపై చిలకరిస్తారు. సల్ఫర్ డయాక్సైడ్ ఆ సున్నంతో కలిసి, గాలి సహాయంతో జిప్సంగా మారుతుంది. తాజ్‌మహల్ పాలరాయిని తినివేసే చర్య కూడా ఇదే. సున్నపురాయిని పొగగొట్టం లోపలే ఆమ్లానికి ఆహారంగా ఇస్తే బయటి రాయి, నేల, ఊపిరితిత్తులు నిలుస్తాయి. ఇలా వచ్చే జిప్సం సిమెంటు తయారీకి, చౌడునేలల బాగుకు పనికివస్తుంది. చౌడునేలలో జిప్సం వేయడం మన రైతులకు తెలిసిన పనే.

కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు విధించింది. 2017లో ముగియవలసిన గడువు పలుమార్లు పొడిగించబడింది. 2025 జులైలో వెలువడిన ప్రకటన విద్యుత్ కేంద్రాలను మూడు వర్గాలుగా విభజించింది. దేశ రాజధాని ప్రాంతానికి, పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి పరిమితులు వర్తిస్తాయి. తీవ్ర కాలుష్య ప్రాంతాలు, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల సమీపంలోనివాటిపై విడివిడిగా నిర్ణయం తీసుకుంటారు. మిగిలినవాటికి, అంటే అత్యధిక భాగానికి, నిర్దేశిత పొగగొట్టపు ఎత్తును పాటించాలన్న షరతుతో మినహాయింపు లభించింది.

ఈ నిర్ణయానికి చూపిన ముఖ్య కారణాలు బొగ్గులో గంధకం తక్కువగా ఉండటం, నగరాల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణాల లోపే ఉండటం, యంత్రాల వ్యయం. వ్యయం నిజమైన సమస్యే. దానిని చివరకు విద్యుత్ వినియోగదారుడే భరించాలి. అయితే నగరపు గాలిలో వాయువు ఎంత ఉందన్న కొలత, అది సల్ఫేటుగా మారి ఎక్కడ పడుతున్నదో చెప్పదు. పది కిలోమీటర్ల గీత వాయువుకు వర్తించదు. పొగగొట్టపు ఎత్తును రక్షణగా భావించడం సడ్‌బరీలో విఫలమైన ఆలోచనే.

మరొకవైపు, 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం నగరాలలో ధూళికణాలను తగ్గించడంపై ప్రధానంగా దృష్టి పెట్టింది. ప్రజారోగ్యానికి ఇది తప్పక అవసరం. కాని ధూళి తగ్గుతూ గంధకం తగ్గకపోతే, ఇంతకాలం మన వానలోని ఆమ్లాన్ని అణచిపెట్టిన క్షారం తరిగిపోతుంది. ధూళిని ఉండనివ్వాలని దీని అర్థం కాదు. రెండు పనులూ కలిసి సాగాలన్నదే ఇక్కడి సారాంశం. 2020 ఏప్రిల్ నుండి బీఎస్-6 ఇంధనంలో గంధకాన్ని పది లక్షల భాగాలకు పది భాగాలకు పరిమితం చేయడం, అదే ఏడాది నుండి ప్రపంచవ్యాప్తంగా ఓడల ఇంధనంలో గంధక పరిమితిని 3.5 శాతం నుండి 0.5 శాతానికి తగ్గించడం మూలంలోనే గంధకాన్ని తొలగించడం సాధ్యమని నిరూపించిన చర్యలు.

10. ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఆమ్ల వర్షపు నష్టం పొగ పుట్టిన చోట కాక, ఆమ్లాన్ని ఎదుర్కొనే శక్తి లేని నేలలో బయటపడుతుంది. రెండు, గాలి రెండు మూడు దశాబ్దాలలో బాగుపడవచ్చు కాని, నేల కోల్పోయిన కాల్షియం అంత త్వరగా తిరిగి రాదు. కాబట్టి నష్టం కంటికి కనిపించేవరకు వేచి ఉండటం తగదు. మూడు, భారతదేశానికి ధూళి ఇచ్చిన రక్షణ శాశ్వతం కాదు. గాలిని శుభ్రం చేసే కొద్దీ అది తగ్గుతుంది.

తెలుగు రాష్ట్రాలలో చేయవలసిన తక్షణ పనులు పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు. విశాఖపట్నంలో వలె రామగుండం, కొత్తగూడెం పరిసరాలలోనూ ప్రతి వానాకాలం వాననీటి పీహెచ్‌ను, కాల్షియం, సల్ఫేట్ పరిమాణాలను కొలిచి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర విభాగాలు ఈ పనిని చేపట్టగలవు. పీహెచ్ ఒక్కదాన్నే కొలిస్తే చాలదు. ఆమ్లం ఎంత పడుతున్నదో, దానిని అణచే క్షారం ఎంత మిగిలిందో రెండూ తెలిస్తేనే ఎర్రనేలల రైతుకు, చెరువుపై ఆధారపడిన మత్స్యకారునికి ముందుగా హెచ్చరిక అందుతుంది.